ఎర్ర చుక్క

ఆ ఇంట్లో స్టీలు కంచాలన్నీ ఒకే సెట్టు. ఒక్కదాని అడుగున మాత్రం గోళ్లరంగుతో పెట్టిన ఎర్ర చుక్క ఉండేది. అది కోడలి కంచం.

మూడో నెల రక్తపరీక్షలో ఆ పిల్లకి హెపటైటిస్-బి ఉందని తేలిన సాయంత్రమే అత్తగారు ఆ చుక్క పెట్టింది. గ్లాసు వేరు, పక్క వేరు. "సారె తేవడం చేతకాలేదు గానీ, పుట్టింటి నుంచి రోగం మాత్రం తెచ్చింది" అని అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పేది.

నేను ఆ ఊరి ఏఎన్ఎమ్‌ని. వెళ్లినప్పుడల్లా బతిమాలేదాన్ని. "పెద్దమ్మా, ఇది రక్తం ద్వారా వస్తుంది, భార్యాభర్తల మధ్య వస్తుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. కలిసి తింటే రాదు. ముందు మీ అబ్బాయికి పరీక్ష చేయించండి."

"వాడికేం? రాయిలా ఉన్నాడు" అనేది.

డాక్టరమ్మ రక్తంలో వైరస్ ఎంతుందో చూసి, ఎక్కువగా ఉండటంతో ఏడో నెల నుంచి టెనోఫోవిర్ మాత్ర మొదలుపెట్టింది. బిడ్డ పుట్టిన పన్నెండు గంటల్లోపే ఒక తొడకి టీకా, రెండో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ వేయాలంది. కాన్పు రోజున "పురిటిగుడ్డుకి రెండు సూదులా?" అని అత్తగారు అడ్డం పడింది. నేను చేతులు పట్టుకున్నాను. "పెద్దయ్యాక అంటుకుంటే నూటికి తొంభై అయిదు మందికి దానంతటదే పోతుంది. పుట్టుకలో అంటుకుంటే మాత్రం నూటికి తొంభై మందిలో ఉండిపోతుంది. కాలేయాన్ని లోలోపలే తినేస్తుంది. ఈ ఒక్క పూట దాటనివ్వకండి." సూదులు పడ్డాయి. తల్లిపాలూ ఆపనివ్వలేదు. ఆరు, పది, పద్నాలుగు వారాల పెంటావాలెంట్ నా చేత్తోనే వేశాను.

పదకొండో నెలలో బిడ్డకి పరీక్ష చేశారు. వైరస్ లేదు. టీకా ఇచ్చిన రక్షణ నిండుగా ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈసారి డాక్టరమ్మ ఊరుకోలేదు. రెండు కుటుంబాల వాళ్లకీ పరీక్షలు చేయించింది. రిపోర్టులు నేనే తీసుకెళ్లాను. కోడలి తల్లికి లేదు, అక్కకి లేదు. భర్తకి ఉంది. అత్తగారికీ ఉంది.

ఆవిడ కాగితం వంక చాలాసేపు చూసింది. "అంటే... నా కొడుక్కి నేనే..." మాట పూర్తి కాలేదు.

"మీ తప్పేం లేదు పెద్దమ్మా. మీ అబ్బాయి పుట్టింది 1990లో. ఈ జబ్బుకి మన దేశంలో తయారైన తొలి టీకాని హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిందే 1997లో. ఆ రోజుల్లో మీకు ఈ పరీక్ష చేసిందెవరు, బిడ్డకి సూది వేసిందెవరు?"

ఆవిడ జవాబివ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. కంచాలు ఒక్కొక్కటే తిరగేసి చూస్తోంది. అన్నీ చూసి, మళ్లీ మొదటి నుంచి చూసింది.

"ఆ చుక్క కంచం ఏదమ్మా? ఇక నాకు అందులో వడ్డించు."

కోడలు బిడ్డని చంకకెత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"తోమగా తోమగా ఆ చుక్క ఎప్పుడో పోయింది అత్తయ్యా. ఏడాదిగా ఏ పూట ఎవరం అందులో తిన్నామో నాకూ తెలీదు."