‘ఫ్లాషు మాను పెండ్లియింట’: టీకా తాత్పర్యాలు

మూలం:

చీకటింటిలోన చిత్రమ్ము దీయంగ
చేయి వణికెనేని చెదరు బొమ్మ;
గోడకానుకొనుము, కొద్దిగా నైయెస్సొ
పెంచు, ఫ్లాషు మాను పెండ్లియింట.

అవతారిక: ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. పద్యంలోని సాక్ష్యాన్ని బట్టి కొత్తవలస వాడని, పెళ్ళిళ్ళలో కెమెరా మోసి ఆఖరి బంతిలో చల్లారిన పప్పు తిన్నవాడని ఊహించవచ్చు. కొత్తవలసకూ కెమెరాకూ సంబంధం ఏమిటంటారా? హౌరా–చెన్నై లైను నుంచి కిరండూల్ లైను చీలేది ఇక్కడే. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో వేసిన లైను అది. రాయి అటు పోయింది, నికాన్లూ కెనాన్లూ ఇటు వచ్చాయి. వచ్చిన పెట్టెను రాత్రి ముహూర్తం వేళ ఏం చేయాలో తెలియకపోవడం వల్లనే ఈ పద్యం అవసరపడింది.

మెదక్ సీమలోని కొల్చారం మల్లినాథ సూరి కాళిదాసుకు చేసిన ఉపకారమే ఈ అజ్ఞాత కవికి నేను చేయబూనుకున్నాను. టీక మాత్రం సంప్రదాయం కొద్దీ గ్రాంథికంలో ఇస్తాను. మిగతాది వాడుక భాషే. గురజాడ తిరిగిన విజయనగరం పక్కనే పెట్టుకుని పేజీల కొద్దీ గ్రాంథికం రాసే ధైర్యం నాకు లేదు.

టీక: చీకటింటిలోన = వెలుతురు చాలని గృహమునందు; చిత్రమ్ము దీయంగ = ఫొటో తీయుచుండగా; చేయి వణికెనేని = హస్తము కంపించినచో; బొమ్మ చెదరు = వధువునకు నాలుగు కన్నులు వచ్చును; గోడకు ఆనుకొనుము = సున్నము చొక్కాకు అంటునని శంకింపక వీపు చేర్చుము; ఐయెస్సొ = వెలుతురుపై కెమెరాకు గల ఆశను; కొద్దిగా పెంచు = కొంచెము హెచ్చింపుము; పెండ్లియింట = కల్యాణ గృహమునందు; ఫ్లాషు మాను = ఆ మెరుపును విడువుము.

వ్యాఖ్య: చీకటిల్లు అంటే కరెంటు పోయిన ఇల్లని పొరబడకూడదు. నాలుగు ట్యూబులైట్లు వెలిగే వసారా కూడా కెమెరాకు చీకటిల్లే. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. రాత్రి దీపాలు వేసిన గదిలో నూరుంటే గొప్ప. అంటే వెయ్యో వంతు. కంటిపాప విచ్చుకుని, కన్ను మెల్లగా అలవాటు పడి ఈ తేడాను మననుంచి దాచేస్తుంది. అందుకే పెళ్ళివారు “ఇంత ఎలుగుంటే సాలదేటి బావూ?” అని ఫొటోగ్రాఫరును దబాయిస్తారు. ‘ఇల్లు’ ఇక్కడ ఉపలక్షణం మాత్రమే. బొడ్డవర దాటి సొరంగంలో దూరిన అరకు రైలుపెట్టె, రంగుదీపాల బొర్రా గుహలు కూడా ఇందులోకే వస్తాయి.

“చేయి వణికెనేని” అన్నచోట కవి అసలు దోషిని దాచాడు. ఆటోలో పెట్టిన కెమెరా ఫ్లాషు లేకపోతే వెలుతురు కోసం షట్టరును 1/8 సెకను దాకా తెరిచి ఉంచుతుంది. అంతసేపు నిశ్చలంగా ఉండే చెయ్యి యోగులకే సాధ్యం. 50 మి.మీ. లెన్సయితే 1/50కి తగ్గకూడదని, సెన్సారు చిన్నదైన కెమెరాలో 1/80 మేలని ఫొటోగ్రాఫర్ల లెక్క.

పూర్వపక్షం: గోడకు ఆనుకుంటే సరిపోదా? సిద్ధాంతం: సరిపోదు. గోడ నీ చేతిని ఆపుతుంది గాని పెళ్ళికూతురి మేనమామను ఆపదు. కదిలే మనిషికి వేగమైన షట్టరొక్కటే మందు. కనుక తెలిసినవాడు తంతును చదువుతాడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు ఒకరి తల మీద ఒకరు చెయ్యి ఉంచి కొంతసేపు కదలరు. 1/60 చాలు, ఆ గదిలో దొరికే మంచి ఫొటో అదే. మూడో ముడి బిగించేటప్పుడు మరో క్షణం చిక్కుతుంది. తలంబ్రాల దగ్గర మాత్రం 1/250 కావాలి. అది లేకపోతే బియ్యపు గింజలు తెల్లటి గీతలవుతాయి, పెళ్ళికొడుకు మోచేయి మాయమవుతుంది.

లెన్సు ఊసే ఎత్తకపోవడం ఈ పద్యంలోని పెద్ద లోపం. కెమెరాతో పాటు అంటగట్టే 18–55 లెన్సు, జూమ్ చేస్తే, ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 లెన్సు దానికి పదింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. కొత్త కెమెరా కొనడం కన్నా ఈ చిన్న లెన్సు కొనడం తెలివైన పని. ఆటవెలదిలో చోటు చాలక వదిలేశాడని సరిపెట్టుకుందాం.

“కొద్దిగా” అన్నది కేవలం యతి కోసం వేసిన మాట. గోడలోని ‘గో’కు ‘కొ’ కలిసింది, అంతే. దాన్ని నమ్మి ఐయెస్సొ 400 దగ్గర ఆగిపోయినవారు చెడ్డారు. 400 రీలు వేస్తే 36 బొమ్మలూ అయ్యేదాకా అదే గతి అన్నది ఫిల్ము కాలపు మాట. డిజిటల్‌లో ఏ బొమ్మకు ఆ బొమ్మ మార్చుకోవచ్చు. 1600కో 3200కో నిర్భయంగా వెళ్ళండి. బొమ్మ గరుకెక్కుతుంది, ఎక్కనివ్వండి. గరుకు ఫొటో ఆల్బంలో నిలుస్తుంది. చెదిరిన ఫొటోలో ఉన్నది తాతగారో తమ్ముడో తేల్చడానికి పెద్దల్ని పిలవాలి.

ఇక నాలుగో పాదం. ఇక్కడ పాఠభేదం ఉంది. స్టూడియోల వారు విరామచిహ్నాన్ని జరిపి “పెంచు ఫ్లాషు” అని చదువుతారు. మరి ‘మాను’ ఏమవుతుంది? అది పైడితల్లి అమ్మవారి సిరిమానట! ఈ అన్వయం పండగలోనే తేలిపోతుంది. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో సిరిమాను మీదికి జనం ఎన్ని ఫ్లాషులు కొట్టినా పైన ఊగే పూజారిని ఒక్కటీ అందుకోదు. కెమెరాలో అమర్చిన ఫ్లాషు నాలుగు గజాలు దాటితే నీరసిస్తుంది. బొమ్మలో పడేవి ముందున్నవారి తలకాయలే.

ఇంట్లోనూ ఇదే న్యాయం. దూరం రెట్టింపైతే ఫ్లాషు వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పంతులుగారు సున్నం కొట్టినట్టు తెల్లబోతారు, వెనకున్న బంధువర్గమంతా చీకట్లో కలుస్తుంది, జరీ అంచు మెరుస్తుంది, దేవుడి పటం అద్దంలో ఇంకో సూర్యుడు ఉదయిస్తాడు. పీటల పక్కన కూర్చున్న ముసలమ్మ “ఓలమ్మ, కళ్ళు బైర్లు కమ్మీసినాయి” అంటుంది. ఫ్లాషును పైకప్పుకు తిప్పి కొట్టమని పుస్తకాలు చెబుతాయి. తెల్లటి శ్లాబు కింద అది అమృతం లాంటి సలహా. మన పెంకుటింట్లో పైన ఉన్నవి పొగచూరిన దూలాలు, అవి వెలుగును మింగేస్తాయి. బయట షామియానా ఎర్రగుడ్డకు తగిలి తిరిగొస్తే పెళ్ళిబృందం మొత్తానికి జ్వరం వచ్చినట్టుంటుంది.

రంగు గురించి ఒక్కమాట. పసుపు బట్టలు, పసుపు కాళ్ళు, బంతిపూలు నిండిన చోట ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపంతా పొరపాటనుకుని దిద్దుతుంది, ముఖాలు నీలం తిరుగుతాయి. ట్యూబులైటుకో బల్బుకో తగిన గుర్తును మనమే ఎంచుకోవాలి. మన 50 హెర్ట్జుల కరెంటుతో కొన్ని దీపాలు సెకనుకు నూరుసార్లు మిణుకుతాయి. బొమ్మలో నల్లచారలు కనిపిస్తే షట్టరును 1/50కో 1/100కో మార్చి చూడండి.

తాత్పర్యం: చెదరడం కంటే గరుకెక్కడం మేలు, ఫ్లాషు కంటే రెండూ మేలు.

కవి చెప్పనిది ఒకటి మిగిలింది, అది పెళ్ళిపెద్దలకు మనవి. తెల్లవి రెండు, పచ్చవి రెండు, మధ్యలో నీలం సీరియల్ సెట్టు కట్టిస్తే ఆ కలగాపులగపు రంగును ఏ కెమెరా విడదీయలేదు. మండపం దగ్గర ఒకే రంగు దీపాలు పెట్టించండి, ఒకటి ఎక్కువే పెట్టించండి. అది నెత్తి మీద కాకుండా పక్కనుంచి, ముఖం మీద పడేలా కట్టమనండి.