రీస్టార్టు మావయ్య

రాజవొమ్మంగి సెంటర్లో జిరాక్స్ షాపు ఎవరిదైనా కానివ్వండి, ల్యాప్‌టాప్ ఆన్ అవుతూ అవుతూ మధ్యలో బిగుసుకుపోయిందంటే చాలు, రీస్టార్టు మావయ్య ప్రత్యక్షం. ఎవరూ కబురు పెట్టరు. కులం సర్టిఫికెట్ల కోసం కొండ ఊళ్ళ నుంచి ఆటోల్లో దిగినవాళ్ళు బల్ల ముందు నిలబడి ఉంటారు. వాళ్ళని పక్కకి జరిపి, "ఏవైందమ్మడూ, మళ్ళీ పడుకుందా?" అంటూ కుర్చీ లాక్కుంటాడు.

ఆయన వైద్యానికి మూడు అంగాలు. పవర్ బటన్ నొక్కిపట్టడం, గాలి సందుల్లో ఊదడం, వోల్టేజీని తిట్టడం. ఒక్కసారికి లొంగకపోతే చరిత్ర ఎత్తుతాడు. "1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు గారు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ కొట్టారు, 23న కృష్ణదేవిపేట, 24న మన రాజవొమ్మంగి. వరసగా మూడు! దేన్నైనా మూడుసార్లు కొట్టాలమ్మా."

తమాషా ఏమిటంటే, ఆన్ కావడం వరసగా రెండు మూడుసార్లు విఫలమైతే విండోస్ తనంతట తనే రిపేరు తెర తెస్తుంది. మావయ్య కొట్టిన దెబ్బలకి ఆ నీలం తెర రానే వస్తుంది. అది చూడగానే "వైరస్!" అని కేకేసి మళ్ళీ బటన్ నొక్కేస్తాడు.

"షట్‌డౌన్ వద్దు, రీస్టార్టే కొట్టండి" అన్న ఆయన మంత్రంలో మాత్రం నిజముంది. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినా మిషను తన సరంజామాలో కొంత డిస్కులో దాచుకుని పడుకుంటుంది. మర్నాడు దాన్నే లేపుతుంది. అందులో ఏ డ్రైవరో తేడా చేస్తే బిగుసుకుంటుంది. రీస్టార్టు అయితే అన్నీ మొదటి నుంచి. ఈ సంగతి మావయ్యకి తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. అప్పుడప్పుడూ వచ్చే జబ్బు అప్పుడప్పుడూ దానంతటదే పోతుంది కదా. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు ఖాతా కాకిది.

ఒక షాపులో అమ్మాయి మాత్రం నోటు పుస్తకం తెరిచింది. ఆగినప్పుడల్లా ఎక్కడ ఆగిందో రాసింది. కంపెనీ బొమ్మ దగ్గరా? చుక్కలు తిరిగేటప్పుడా? అప్పుడు ఏమేం తగిలించి ఉన్నాయి? కంపెనీ బొమ్మ దాటకపోతే మామూలుగా గొడవ ఇంకా విండోస్ దాకా రాలేదన్నమాట. ర్యామో, డిస్కో, బయట తగిలించిన వస్తువో చూడాలి. ఆమె పుస్తకంలో ఆగిన ప్రతిసారీ కంపెనీ బొమ్మే, ప్రతిసారీ వేలిముద్రల మిషను తగిలించే ఉంది. రాత్రి దాన్ని పీకి పెట్టిన మర్నాడు ల్యాప్‌టాప్ హాయిగా లేచింది. ఆ తర్వాత రోజూ అంతే.

మావయ్యకి చెప్పింది. ఆయన నవ్వాడు. "ఆ మిషన్లో వైరస్ ఉందని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా కదమ్మా!" బల్ల ముందు నిలబడ్డవాళ్ళు తలలూపారు. పక్క షాపు నుంచి పిలుపు రాకపోయినా లేచి వెళ్ళాడు.

మీ ల్యాప్‌టాప్ కూడా ఇలా మొరాయిస్తుంటే ముందు తగిలించినవన్నీ పీకి చూడండి. అప్పటికీ ఆగుతుంటే ఫైళ్ళు వేరేచోట కాపీ చేసుకుని, డిస్కూ ర్యామూ పరీక్ష చేయించండి. ఈలోగా మావయ్య వస్తే టీ ఇవ్వండి, స్క్రూడ్రైవర్ మాత్రం ఇవ్వకండి.