కయ్య గట్టు దాటిన కార్బన్

నేను ఒక కార్బన్ పరమాణువును. మూడు హైడ్రోజన్లు నన్ను అంటిపెట్టుకుని ఉంటాయి. మా నలుగురినీ కలిపి మిథైల్ అంటారు. నాకున్న నాలుగో బంధం మాత్రం ఎప్పటికప్పుడు చేతులు మారుతూ వచ్చింది. నేను చెప్పుకోదగ్గ కథంతా ఆ నాలుగో బంధానిదే.

ఇందుకూరుపేట దగ్గర ఎడగారు పైరు వేసిన కయ్యలో, గాలిలో తిరిగే కార్బన్ డయాక్సైడ్‌లోంచి వరి ఆకు నన్ను పట్టుకుంది. మొక్కలో ఎన్నో మలుపులు తిరిగి, చివరికి ఎస్-అడినోసిల్ మెథియోనిన్ అనే పెద్ద అణువులో గంధకం పక్కన కుదురుకున్నాను. ఆ గంధకానికి ధనావేశం ఉంది. మా ఇద్దరి మధ్య ఉన్న ఎలక్ట్రాన్లను అది తనవైపే లాక్కుంటుంది. దాంతో నాకు ఎలక్ట్రాన్లు తక్కువయ్యాయి. ఎలక్ట్రాన్ జంటను ఇవ్వగలిగిన న్యూక్లియోఫైల్ ఎదురైతే నేను అటే మొగ్గుతాను.

నీళ్లు నిలిచిన కయ్యలో మట్టికి గాలి అందదు. అప్పుడు మట్టిని పట్టుకుని ఉన్న అయోడిన్ అయోడైడ్‌గా నీళ్లలోకి వదులవుతుంది, వేళ్లు దాన్ని పీల్చుకుంటాయి. మొక్కలోని ఒక ఎంజైము ఆ అయోడైడ్‌ను గంధకానికి సరిగ్గా ఎదురు దిక్కున, నా వీపు వెనక నిలబెట్టింది. అటు నుంచి అయోడైడ్ చేరుతుంటే ఇటు నుంచి గంధకం విడిపోయింది. నేను మిథైల్ అయోడైడ్‌నయ్యాను. వరి పొలాలు ఈ వాయువును వదులుతాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖ శాస్త్రజ్ఞులు అక్కడి మడుల్లో కొలిచి 2000లో ప్రకటించారు. వరి కాడలోని గాలి గొట్టాల గుండా నేనూ అలాగే బయటపడ్డాను.

ఎండ తగిలే గాలిలోనే ఉండిపోతే నా అయోడిన్ బంధం కొద్ది రోజుల్లోనే తెగిపోయేది. కానీ నేను రాత్రి బయటికొచ్చాను. రాత్రిపూట గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. మైపాడు దగ్గర అలల్లో కరిగిపోయాను.

అక్కడ ఎటు చూసినా క్లోరైడే. కిలో సముద్రపు నీటిలో సుమారు 19 గ్రాములుంటుంది. అదీ న్యూక్లియోఫైలే. అయినా వెంటనే ఏమీ జరగలేదు. ఎన్ని క్లోరైడ్‌లు వచ్చి నన్ను తాకి వెళ్లిపోయాయో! ఎందుకు జరగలేదో తెలియాలంటే ఇంటర్ పుస్తకంలో ఉండే శక్తి పటాన్ని మన కయ్యల భాషలో చదవాలి. ఎడమన ఒక కయ్య: నేను, అయోడిన్, పక్కన క్లోరైడ్. కుడివైపు ఇంకో కయ్య: నేను, క్లోరిన్, విడిపోయిన అయోడైడ్. మధ్యలో గట్టు. ఆ గట్టు ఎత్తే ఉత్తేజన శక్తి. నా విషయంలో అది మోలుకు సుమారు 100 కిలోజౌళ్లు. క్లోరైడ్ చుట్టూ నీటి అణువులు గట్టిగా పేరుకుని ఉంటాయి. వాటిలో కొన్నింటిని వదిలించుకుంటే తప్ప అది నా దాకా రాలేదు. ఈ గట్టు ఎత్తులో పెద్ద వాటా ఆ వదిలించుకోవడానిదే. నీళ్లు లేని అసిటోన్‌లో క్లోరైడ్ ఇంతకంటే ఎంతో చురుకుగా ఉంటుంది.

గట్టు తల మీద ఏముంటుందో నేను స్వయంగా అనుభవించాను. అయోడిన్ బంధం సగం సాగింది, క్లోరిన్ బంధం సగం ఏర్పడింది. అంతవరకూ ఒక పక్కకు వాలి ఉన్న మూడు హైడ్రోజన్లు ఒకే తలంలోకి వచ్చి, మరుక్షణం రెండో పక్కకు వాలాయి. దీన్ని పరివర్తన స్థితి అంటారు. కయ్య గట్టు మీద మనిషి కూర్చోవచ్చు గానీ ఈ గట్టు మీద ఏ అణువూ నిలవదు. ఒక బంధం ఒక్కసారి కంపించేంత సమయమే దాని ఆయువు. దాన్ని సీసాలో పట్టి చూపించడం కుదరదు. పిల్లలు పరివర్తన స్థితినీ మధ్యస్థాన్నీ ఒకటిగా రాసేస్తుంటే నాకు బాధ కలుగుతుంది. మధ్యస్థం శిఖరం కాదు, పల్లం.

ఆ పల్లం సంగతి తృతీయ బ్యూటైల్ క్లోరైడ్‌లోని కార్బన్‌కు తెలుసు. దాని చుట్టూ మూడు మిథైళ్లు కమ్ముకుని ఉండటంతో వెనక నుంచి ఎవరూ చేరలేరు. నీళ్లలో ముందు క్లోరైడే విడిపోతుంది, ధనావేశం ఉన్న కార్బోకాటయాన్ మిగులుతుంది. ఆ మిథైళ్లు తమ ఎలక్ట్రాన్లతో దాన్ని ఆదుకుంటాయి కాబట్టే అది కాసేపైనా బతుకుతుంది. దాని పటంలో రెండు గట్లుంటాయి, మధ్యన ఎత్తులో ఒక చిన్న కయ్య ఉంటుంది. మొదటి గట్టే పెద్దది. అందుకే చర్య వేగం ఆ అణువు గాఢత మీదే ఆధారపడుతుంది, న్యూక్లియోఫైల్ గాఢతతో పని లేదు. అలా జరిగే చర్యను ఎస్ఎన్1 అంటారు, నాది ఎస్ఎన్2. నన్ను ఆదుకునే మిథైళ్లు లేవు. ఒంటరి కాటయాన్‌గా నీళ్లలో నేను నిలవలేను. అందుకే రాకా పోకా ఒకే అడుగులో జరగాలి.

ఈ పేర్లు 1930లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో హ్యూస్, ఇంగోల్డ్ పెట్టారు. హైడ్రోజన్లు ఒక పక్క నుంచి రెండో పక్కకు వాలినట్టు అణువు తిరగబడటాన్ని విలోమం అంటారు. అది జరుగుతుందని వాల్డెన్ 1896లోనే గమనించాడు. హ్యూస్ బృందం 1935లో 2-అయోడో ఆక్టేన్‌ను రేడియోధార్మిక అయోడైడ్‌తో కలిపి, అయోడిన్ మార్పిడి వేగానికి రెట్టింపు వేగంతో, ధ్రువణ కాంతిని తిప్పే దాని గుణం తగ్గిపోవడం చూసింది. తిరగబడిన ప్రతి అణువూ తిరగబడని ఇంకో అణువు ప్రభావాన్ని చెరిపేస్తుంది. అందుకే ఆ రెట్టింపు. ప్రతి మార్పిడిలోనూ తిరగబడటం ఉందని దాంతో రుజువైంది. ఇంత చిన్న లెక్కతో కంటికి కనిపించని కదలికను పట్టుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

నేను గట్టు దాటడానికి వేసవి కూడా తోడ్పడింది. బంగాళాఖాతం 30 డిగ్రీలకు చేరితే, 20 డిగ్రీల నీటితో పోలిస్తే ఈ చర్య సుమారు నాలుగు రెట్లు వేగంగా సాగుతుంది. వేడికి గట్టు తగ్గదు. దాటగలిగేంత శక్తితో ఢీకొనే అణువులే పెరుగుతాయి. కయ్యలో ఎంజైము చేసిన పని వేరు. అది గట్టునే తగ్గించింది.

మరి నేను వెనక్కి ఎందుకు తిరగలేదు? నీళ్లలో ఈ రెండు కయ్యల మట్టానికి పెద్ద తేడా లేదు. తేడా సంఖ్యలో ఉంది. సముద్రంలో ఒక్క అయోడైడ్‌కు పది లక్షలకు పైగా క్లోరైడ్‌లుంటాయి. నన్ను వెనక్కి లాగగలిగిన అయోడైడ్ ఎదురవడమే అరుదు. ఇదే చర్యను ఫింకెల్‌స్టైన్ 1910లో అసిటోన్‌లో ఎదురు దిక్కుకు నడిపించాడు. సోడియం అయోడైడ్ అసిటోన్‌లో కరుగుతుంది, సోడియం క్లోరైడ్ కరగక అడుగున పడుతుంది. అడుగున పడిన క్లోరైడ్ ఇక తిరిగి దాడి చేయదు.

ఇప్పుడు నేను మిథైల్ క్లోరైడ్‌ను. నీటి అణువు వచ్చి ఈ క్లోరిన్‌ను తప్పించాలంటే చాలా కాలం పడుతుంది. ఈలోగా నీటి ఉపరితలం నుంచి గాలిలోకి లేచిపోతాను. అక్కడ సుమారు ఏడాది ఉంటాను. మాలో కొందరం ఓజోన్ పొర దాకా వెళ్లి, మోసుకెళ్లిన క్లోరిన్‌ను అక్కడ వదులుతాం. మిగతావాళ్లను హైడ్రాక్సిల్ రాడికల్ పట్టుకుంటుంది. అది నా వీపు మీదికి రాదు, నాలుగో బంధం జోలికీ పోదు. నన్ను ఇన్నాళ్లూ వదలని హైడ్రోజన్లలో ఒకదాన్ని లాక్కుపోతుంది.