పశ్చాత్తాపం విషయంలో వినకూడని ఐదు సలహాలు

శ్రమకాలం వచ్చిందంటే సంఘాల్లో పశ్చాత్తాపం గురించి సలహాలు చాలా వినిపిస్తాయి. చెప్పేవాళ్లు మన మేలు కోరే చెబుతారు. అయినా వాటిలో కొన్ని మన గర్వానికి కాపలా కాస్తాయి. నేను తరచూ వినే ఐదు ఇవి. ఎవరు చెప్పినా పాటించకండి.

1. “మహా పాపిని ప్రభువా అంటే చాలు.”

పక్కనున్నవాళ్లంతా అదే అంటున్నప్పుడు ఆ మాట అనడానికి ఎవరికీ సిగ్గు వేయదు. తమ్ముడి వాటా పొలం నా పేర రాయించుకున్నాను, కట్నం తక్కువైందని కోడలిని సూటిపోటి మాటలన్నాను, కానుకల లెక్క తప్పు చెప్పాను అనడానికే నోరు పెగలదు. ఆత్మపరీక్ష మొదలవ్వాల్సింది ఆ నోరు పెగలని చోటే. పాపానికి దాని పేరు పెట్టి ఒప్పుకోండి.

2. “అంత కుమిలిపోకు, నీకన్నా ఘోరాలు చేసినవాళ్లున్నారు.”

లూకా సువార్త 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నాడు, దశమ భాగం ఇచ్చాడు. అవి అబద్ధాలని యేసు అనలేదు. అతను తనను కొలుచుకోవడానికి వెనక నిలబడ్డ సుంకరిని ఎంచుకున్నాడు, అక్కడే చెడిపోయాడు. ఆ కథ చదివి “నేను ఆ పరిసయ్యుడిలాంటివాణ్ణి కాను” అనుకుంటే మనమూ అతని పక్కనే నిలబడ్డట్టు.

3. “ఏ పరిస్థితిలో చేశావో అది కూడా దేవునికి చెప్పుకో.”

సౌలు అదే చేశాడు. అమాలేకీయుల మంచి గొర్రెల్ని, ఎడ్లను ఎందుకు మిగిల్చావని సమూయేలు అడిగితే తప్పు జనం మీదకు నెట్టాడు. చివరికి పాపం ఒప్పుకుని కూడా, పెద్దల ముందు తన పరువు నిలబెట్టమని బతిమాలాడు. దావీదు పాపం తక్కువది కాదు: వ్యభిచారం, ఆపైన హత్య. కానీ నాతాను నిలదీసినప్పుడు ఒక్క సాకూ చెప్పలేదు. మన మొహం మీదే తప్పు చెప్పగల నాతాను ఒకరు మన జీవితంలోనూ ఉండాలి.

4. “దేవుడు క్షమించాక మనుషుల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.”

జక్కయ్య అలా అనుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. సహోదరుడికి మన మీద కోపముంటే అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సమాధానపడమని కొండమీద ప్రసంగంలో ప్రభువే చెప్పాడు. అప్పు ఎగ్గొట్టి సాక్ష్యం చెబితే, అప్పిచ్చినవాడికి ఆ సాక్ష్యం మరో దెబ్బ.

5. “రక్షణ పొందావు కదా, పాతవి తవ్వుకోకు.”

అన్నింటికన్నా ప్రమాదమైన సలహా ఇదే. ‘అమేజింగ్ గ్రేస్’ రాసిన ఇంగ్లండు దేశస్థుడు జాన్ న్యూటన్ 1748లో సముద్రంలో తుఫానుకు చిక్కి దేవునికి మొరపెట్టుకున్నాడు. తన మారుమనస్సు అప్పుడే మొదలైందని చెప్పుకున్నాడు. అయినా ఆ తర్వాతే ఆఫ్రికా బానిసల్ని మోసే ఓడలకు కెప్టెన్ అయ్యాడు. ఓడలో భక్తి సాగింది, కింద గొలుసుల్లో మనుషులూ ఉన్నారు. 1754లో సముద్రం వదలడానికి కూడా కారణం అనారోగ్యమే. 1764లో గురువుగా అభిషేకం పొందాడు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన పాత్ర ఏమిటో చెబుతూ కరపత్రం అచ్చువేసింది 1788లో. తుఫానుకు, ఆ ఒప్పుకోలుకు మధ్య 40 ఏళ్లు. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని తానే రాసుకున్నాడు. రక్షణ నిజమైనదే అయినా, చుట్టూ ఉన్న సమాజం తప్పనుకోని పాపం మన కంటికి ఆనదు. మన ఊళ్లో, మన సంఘంలోనే కులం అడిగి పెళ్లిళ్లు చేసే మనం ఈ మాట మరీ జాగ్రత్తగా వినాలి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకున్నాకే ప్రభు బల్లలో చేయి వేయమని పౌలు కొరింథీయులకు రాశాడు. వచ్చే బల్లకు ముందు, మీరు నొప్పించిన ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి. చేసిన తప్పు పేరు పెట్టి చెప్పండి, తీసుకున్నది తిరిగివ్వండి. ఆ తర్వాతే రొట్టె అందుకోండి.