నేను చిత్తు పుస్తకాన్ని

కోపెన్‌హేగెన్‌లో ఆగస్టు బడులు తెరిచే నెల. ఆ వారం ఒక దుకాణంలో పెన్సిళ్ల పక్కన గుట్టగా పేర్చిన పుస్తకాల్లో నేనూ ఉన్నాను. పల్చటి అట్ట, గీతల కాగితాలు. ఇక్కడివాళ్లు నన్ను క్లదెహెఫ్తె అంటారు. క్లదె అంటే చిత్తుప్రతి. దిద్దుకోవడానికీ కొట్టివేయడానికీ పుట్టినదాన్ని నేను.

ఒక తల్లి, రెండో తరగతిలో చేరబోతున్న కూతురితో వచ్చింది. పాపకు కావలసినవన్నీ కొన్నాక చివర్లో నన్ను తీసుకుని, "ఇది నాకు" అంది. గుంటూరు వైపు ఒక బడిలో ఏడేళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. భర్త ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చారు. సాయంత్రాలు భాషాకేంద్రంలో డేనిష్ నేర్చుకుంటోంది. అక్కడి మూడో రకం కోర్సులో ఆరు మెట్లుంటాయి. ఆవిడ రెండో మెట్టు మీద ఉంది.

నా మొదటి పేజీలో రాసిన వాక్యం: యై గో ఈ స్కోలె. నేను బడికి వెళ్తున్నాను. పై గీత మీద డేనిష్ అక్షరాలు, కింద తెలుగులో ఉచ్చారణ. రాసిన ప్రతి అక్షరాన్నీ పలికే లిపిలో పెరిగిన చేయి అది. ఇక్కడ మాటలో సగం అక్షరాలు నోట్లోనే కరిగిపోతాయి. 'ద' ఉంది కదా అని పలికితే పాప ఆపేది. "అలా కాదమ్మా, నాలుక కొస కింది పళ్ల వెనక పెట్టు." ఆ మెత్తటి 'ద' ఆవిడ చెవికి 'ల'లా వినిపించేది. మధ్యాహ్నం పాప బడికి తీసుకెళ్లే తిండి పేరును 'మల్‌పాగె' అని రాసుకుంది. ఆ 'ల' చుట్టూ ఎన్నిసార్లు సున్నా చుట్టిందో, ఆ చోట నా కాగితం పలచబడింది.

తరువాతి చిక్కు చిన్న మాటలది. మనకు బడికి, ఈతకు, కాలేజీకి అన్నింటికీ ఒక్క 'కి', 'కు' చాలు. డేనిష్‌లో బడికైతే 'ఈ', భాషాకేంద్రానికైతే 'పో', ఈత క్లాసుకైతే 'టిల్'. సూత్రం అడిగితే పాప దగ్గర జవాబు లేదు. "అలాగే అంటారమ్మా" అనేది. అందుకని ఆవిడ సూత్రాలు వెతకడం మానేసి, పాప బడి నుంచి మోసుకొచ్చిన మాటలనే నాలో దింపసాగింది. బడిలో ఆటవిడుపు ఫ్రీక్వర్తేర్. ఫ్రీ అంటే స్వేచ్ఛ, క్వర్తేర్ అంటే పావుగంట. బడి ఎగ్గొడితే ప్యెగె. పరీక్ష తప్పితే దొంబె. ధబ్బున పడ్డ చప్పుడు ఆ మాటలోనే ఉంది. పరీక్షకు కూర్చోవడం అనరు, పరీక్షకు పైకి వెళ్లడం అంటారు. దాని పక్కన ఆవిడ 'గట్టెక్కడం' అని రాసి కింద గీత గీసింది.

రోజూ పాప తలుపు తీయగానే ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే: హా దు లెక్షా ఫో? హోంవర్కుందా? మొదట్లో నన్ను తెరిచి చూసి అడిగేది. సంక్రాంతి నాటికి చూడకుండానే అడిగింది.

పాప బడి నుంచి వచ్చే సమాచారంలో మార్కుల కోసం వెతికి ఆవిడ కలవరపడింది. ఇక్కడ ఎనిమిదో తరగతికి ముందు మార్కులుండవు. అప్పటి నుంచి వేసేవి కూడా ఏడే: 12, 10, 7, 4, 02, 00, మైనస్ 3. రెండును 02 అని రాసేది ఎవరూ దాన్ని 12గా దిద్దకుండా. అన్నేళ్లు పిల్లల్ని మార్కులు వేయకుండా చదవనివ్వడం చిత్తు పుస్తకమైన నాకు ఎంతో సబబుగా తోస్తుంది. పిల్లల చదువును 1814లోనే తప్పనిసరి చేసిన దేశమిది. తప్పనిసరి చేసింది చదువుని, బడిని కాదు. ఇంట్లో చెప్పించుకున్నా చట్టం ఒప్పుకుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ నవంబరులోది. బయట నాలుగింటికే చీకటి. భాషాకేంద్రంలో టీచరు వరసగా అందరినీ అడుగుతోంది: వ లేసా దు? పక్కనున్నావిడ తను చదువుతున్న నవల పేరు చెప్పింది. ఆ పక్కన కుర్రవాడు ఇంజనీరింగ్ అన్నాడు. ఇద్దరివీ సరైన జవాబులే. లేసె అంటే పుస్తకం చదవడం, చదువు చదవడం కూడా. ఇంగ్లీషులో ఆ రెండింటికీ రెండు మాటలు అలవాటైన మా ఆవిడ కలం ఆగింది. తరువాత గబగబా రాసింది: 'ఏం చదువుతున్నావు? మనలాగే!' ఆ వెంటనే ఇంకొకటి దొరికింది. నేర్చుకోవడం, నేర్పడం మనకు ఒకే మూలంలోంచి వచ్చాయి. ఇక్కడ రెంటికీ లేఆ అన్న ఒక్క మాటే, ఎవరికి అన్నది చేర్చితే నేర్పడం. టీచరు అన్న మాట కూడా అందులోంచే, పలికేదీ అలాగే: లేఆ. అప్పటిదాకా గట్టు మీది నుంచి రాళ్లు విసురుతున్నట్టున్న ఆవిడ రాత ఆ రోజు నీళ్లలోకి దిగింది. అక్షరాలు పెద్దవయ్యాయి.

మార్చిలో పాప బడిలో తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడే రోజు వచ్చింది. నన్ను సంచిలో పెట్టుకుని వెళ్లింది. చిన్న కుర్చీలు, పాప కూడా మధ్యలో కూర్చుంది. ఇక్కడ పిల్లలు టీచరును పేరు పెట్టి పిలుస్తారు. 'గారు' లేకుండా ఆ పేరు పలకడానికి ఆవిడకు నోరు రాలేదు, పేరు వదిలేసి నవ్వి నమస్కరించింది. టీచరు పాప గురించి చెప్పి, మీరేం చేస్తుంటారని అడిగింది. ఆవిడ చేయి సంచిలోకొచ్చి నన్ను తాకింది. కానీ తీయలేదు.

"యై వా లేఆ. ను లేఆ యై డాన్స్క్."

నేను టీచరుగా ఉన్నాను. ఇప్పుడు డేనిష్ నేర్చుకుంటున్నాను. రెండు చోట్లా అదే లేఆ. టీచరు ఆ వాక్యాన్ని మెల్లగా తనలో తాను మళ్లీ అనుకుని, పాప వైపు చూసింది. పాప తల్లి చేయి పట్టుకుంది.

ఆ రాత్రి ఆవిడ ఆ వాక్యాన్ని నాలో రాసింది. కింద తెలుగులో ఉచ్చారణ రాయలేదు. నాకు ఇంకా ఆరేడు ఖాళీ పేజీలున్నాయి. పాప నన్ను లాక్కుని, తిరగేసి, వెనక అట్ట వైపు నుంచి తెరిచింది.

"అమ్మా, చదువు అని ఎలా రాస్తారు?"

ఆవిడ పాప వేళ్ల మీద తన వేళ్లు వేసింది. 'చ' గుండ్రంగా వచ్చింది. 'దు' పక్కకు ఒరిగింది. 'వు' కొమ్ము గీత దాటి కిందికి జారింది. పాప దాన్ని కొట్టివేసి, పక్కనే మళ్లీ మొదలుపెట్టింది.