డాలస్ బావగారు

బే ఏరియాలో నాలుగేళ్లు నిలదొక్కుకున్న ప్రతి తెలుగు కుటుంబానికీ డాలస్‌లో ఒక బావగారు ఉంటారు. నిజంగా అక్క మొగుడే కానక్కర్లేదు. ఒకప్పుడు ఫ్రీమాంట్‌లో పక్క అపార్టుమెంటులో ఉండి, మన ఇంట్లోంచి పెరుగు తోడు పట్టుకెళ్లినవాడైనా సరే, టెక్సాస్‌లో ఇల్లు కొనగానే బావగారైపోతాడు. మన జీతమెంతో, అద్దెంతో, ఇంకా ఎందుకు బుద్ధి రాలేదో నిలదీసి అడిగే హక్కు రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటే ఆయన చేతికొస్తుంది.

మా బావగారు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. శనివారం పొద్దున్నే వీడియో కాల్. “ఏమోయ్, ఇంకా అక్కడే ఉన్నావా?” ఇది ఆయన హలో.

తర్వాత లెక్కలు. కాలిఫోర్నియా ఆదాయపు పన్ను పై మెట్టు 13.3 శాతం. అది ఏడాదికి పది లక్షల డాలర్లు దాటినవాళ్ల సంగతి బావగారూ, నాకూ ఆ మెట్టుకీ మధ్య చాలా మెట్లున్నాయి అంటే వినరు. తనే నన్ను కోటీశ్వరుణ్ణి చేసి, ఆ కోట్లమీద పన్ను వేసి, నా తరఫున బాధపడతారు. టెక్సాస్‌లో ఆ పన్ను సున్నా. ఇకముందు కూడా వేయకూడదని 2019లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించారు. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పక్కన కూర్చుని తనే డిక్టేషన్ ఇచ్చినట్టుంటుంది. ఆయన అక్కడికి మకాం మార్చింది 2020లో.

ఆపైన ఇల్లు చూపిస్తారు. చూసిన ఇల్లే, ప్రతి వారం. నాలుగు వేల చదరపు అడుగులు. “కూపర్టినోలో ఈ డబ్బుకి కారు షెడ్డు ఇస్తారటోయ్?” మీడియా రూములో పెద్ద తెర, ఎదురుగా పడక కుర్చీలు, కుర్చీల్లో కాస్ట్‌కో బియ్యం బస్తాలు. గేమ్ రూములో ఇస్త్రీ బల్ల. పెరట్లో ఎండ నూరు డిగ్రీలు దాటిందంటే దానికీ సమాధానం సిద్ధం: మా అక్క పెట్టిన వడియాలు ఒక్క పూటలో ఎండిపోయాయి. క్వాలిటీ ఆఫ్ లైఫ్.

ఇంటి పన్ను ఊసు మాత్రం ఎత్తరు. అక్కడ ఇంటి విలువమీద ఏటా సుమారు రెండు శాతానికి అటూ ఇటూగా కట్టాలి. ఏప్రిల్లో కౌంటీవాళ్లు ఆ విలువ పెంచి నోటీసు పంపుతారు. సాధారణంగా మే 15 లోగా అభ్యంతరం దాఖలు చేయాలి, దాన్ని ప్రొటెస్ట్ అంటారు. విజయవాడలో చదివే రోజుల్లో కాలేజీ బంద్ అంటే తిన్నగా సినిమాకి పోయిన మనిషి ఇప్పుడు ఏడాదికోసారి ఉద్యమకారుడైపోతారు. పదకొండు నెలలు మాకు ఇంద్రభవనంగా చూపించిన ఇల్లే మే నెలలో పాడుబడ్డ సత్రం. అదే ఫోను, అదే చెయ్యి. ఈసారి గోడ పగుళ్లు దగ్గరగా తీస్తారు. కంచె ఒరిగిన వైపు, కార్పెట్ రంగు వెలిసిన మూల, వెనక రోడ్డు మీద లారీల మోత, అన్నీ సాక్ష్యాలే. ఆ ఫైలు ఒకసారి పొరపాటున మా కుటుంబం గ్రూపులో పెట్టేశారు. అది చూసి మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, కూతురు అలాంటి కొంపలో ఉంటోందా అని.

పగుళ్లు అబద్ధం కాదులెండి. ఆ నేల మన నల్లరేగడికి చుట్టమే: ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది, మధ్యలో పునాది కదులుతుంది. అందుకని వేసవిలో ఇంటి చుట్టూ పైపు పరిచి మట్టి తడుపుతారు. మొక్కలకి నీళ్లు పెట్టడం ఎరుగుదుం గానీ, ఇంటికి నీళ్లు పెట్టేవారిని నేను ఈయన్నే చూశాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి కరెంటు పోయి రాష్ట్రం గడ్డకట్టినప్పుడు ఆ శనివారం కాల్ రాలేదు. తర్వాత అడిగితే ఫోనులో ఛార్జింగ్ లేదన్నారు. అది నిజం.

పోనీ, కాలిఫోర్నియా వదిలిందా? ఇక్కడ ఉండగా కంపెనీ ఇచ్చిన షేర్లు టెక్సాస్ వెళ్లాక చేతికొచ్చాయి. ఇక్కడ పనిచేసిన రోజుల వాటాకి పన్ను కట్టమంది కాలిఫోర్నియా, వాటాలు పంచుకుని వేరుపడిన తమ్ముణ్ణి తద్దినం ఖర్చు అడిగిన అన్నగారిలా. ఆ వారం టూరు మీడియా రూము దాకా వెళ్లలేదు.

మొన్న దసరాకి వెళ్లి చూశాను. కింది అంతస్తులో వెనకవైపు ఒక గది ఉంది, బాత్‌రూముతో సహా. వాళ్ల నాన్నగారిది. ఫ్రీమాంట్‌లో ఆరు నెలల వీసా మీద వచ్చినప్పుడల్లా ఆయన హాల్లోనే పడుకునేవారు. టీవీ ఎప్పుడు కట్టేస్తారా, మంచం ఎప్పుడు వాలుద్దామా అని అందరి ముఖాలూ చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు తొమ్మిదికి తలుపు వేసుకుంటారు. సాయంత్రం తనలాంటి నలుగురితో వీధి చివరిదాకా నడిచి ఆంధ్ర రాజకీయాలు తేల్చి వస్తారు. శనివారం హనుమంతుడి గుడి. ఇన్నేళ్లలో నన్ను కదిలించగలిగిన వాదన ఇదొక్కటే. టూరులో ఆ గది తలుపు ఒక్కసారీ తెరవలేదు బావగారు. “ఇది చెప్పరేం?” అన్నాను.

“దానికి లెక్కేముందోయ్? నాన్నగారి గది,” అని మళ్లీ చదరపు అడుగుల్లోకి వెళ్లిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుకి ఆయనే దింపారు. దారంతా ట్రాఫిక్. టోల్ రోడ్డు మీద కూడా బండి కదలదు. ఫ్రిస్కోలో ఇళ్ల రేట్లు మండిపోతున్నాయట. “అంతా ఈ కాలిఫోర్నియా వాళ్లేనోయ్. సూట్‌కేసుల్లో డబ్బు తెచ్చి ఊరు పాడుచేశారు!” ఇంకా ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా వైపు స్థలాలు చూస్తున్నారట.

“ఇంకొంచెం పైకి పోతే ఓక్లహోమాయే కదా బావగారూ, మరీ చవక,” అన్నాను నవ్వులాటకి.

“అక్కడ ఇన్‌కమ్ టాక్స్ ఉందోయ్,” అన్నారు ఆయన వెంటనే. “చూశాను.”