నిస్తంత్రీ పునస్సంధానం

శ్రీరస్తు. శుభమస్తు. సిగ్నలస్తు.

కావ్యారంభంలో కుకవినింద చెయ్యడం పెద్దలు పెట్టిన మర్యాద. కాబట్టి, ఇంటర్నెట్ రావడం లేదని మొరపెట్టుకున్నవాడి ముఖమైనా చూడకుండా “ఒకసారి ఆపి ఆన్ చేశారా?” అని అడిగే సమస్త బంధుమిత్ర పరివారాన్నీ, ఆపి ఆన్ చేయగానే పొరపాటున వచ్చేస్తే “నేను చెప్పలే!” అని మీసం దువ్వే బావమరదులనూ ముందుగా నిందించి కథలో అడుగుపెడుతున్నాను.

విజయవాడ, సత్యనారాయణపురం. రోళ్లు పగిలే రోహిణికార్తె. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలైనా సూర్యుడు పడమటి డాబాల మీద నిలబడి ఇంకా కొలిమి ఊదుతూనే ఉన్నాడు. అట్టి ప్రచండ నిదాఘవేళ, ముప్ఫై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పి గొంతు అరగ్గొట్టుకున్న ఈ ధీరోదాత్త నాయకుడు, పైన ఇస్త్రీ లాల్చీ, దాని మీద జరీకండువా, కింద గళ్ల లుంగీ ధరించి (కెమెరా నడుము దాకానే చూస్తుంది), వెనక పడగ్గదిలో ప్లాస్టిక్ కుర్చీ అనే సింహాసనాన్ని అధిష్ఠించాడు. ఆన్‌లైన్ సభ. అంశం: ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలు. ముఖ్యవక్తను నేనే. శ్రోతలు నలభై ఏడుగురు. అందులో ముఖాలు చూపించినవారు ముగ్గురు.

నా వాహనాన్ని వర్ణించకుండా ముందుకు సాగితే పాపం. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ అది. కీలు సడలి తల వెనక్కి వాల్చే వృద్ధాశ్వం. దాని తలను నిలబెట్టడానికి వెనక శబ్దరత్నాకరం నిఘంటువు ఆనిస్తాను. మీటల మీద అక్షరాలు అరిగి, ఎక్కడ ఏది ఉందో నా వేళ్లకు తప్ప మూడో కంటికి తెలియదు. ఫ్యాను లేచిందంటే ఆషాఢమేఘ గంభీర ఘర్ఘరధ్వానం. బ్యాటరీ ఉందంటే ఉంది. వైరు పీకితే ప్రాణం పీకినట్టే.

ఆ అశ్వానికి ఆహారం పంపే దేవర వంటింట్లో కొలువున్నాడు. వీధి స్తంభం మీదనుంచి వేలాడుతూ వచ్చిన ఫైబర్ తీగ ఎగ్జాస్ట్ ఫ్యాను కంతలోంచి తప్ప మరెటునుంచీ లోపలికి రానని భీష్మించుకోవడం వల్ల, ఫ్రిజ్జు అనే ధవళగిరి శిఖరాన, క్రోషియా అల్లిన తెల్లగుడ్డ మీద, రెండు కొమ్ములు నిక్కించుకుని రౌటరు వెలసింది. నొసట గత దసరా ఆయుధపూజలో అమ్మ పెట్టిన కుంకుమబొట్టు. ఎదట వరసగా మిణుకుమనే ఆకుపచ్చ దీపాల తోరణం. ఒకపక్క ఊరగాయ జాడీల చతురంగబలం, మరోపక్క మైక్రోవేవ్ ఓవెను. అక్కడినుంచి నా సింహాసనానికి నడుమ రెండు తొమ్మిదంగుళాల గోడలు, ఒక ఇనప బీరువా.

సభలో నగరవర్ణన బ్రహ్మాండంగా సాగింది. సముద్రం, శైలం, రుతువు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం గడిచాయి. జలక్రీడ దగ్గర గొంతు తారస్థాయికి వెళ్లింది. “ఇక తొమ్మిదవది...” అని కుడిచెయ్యి పైకెత్తాను.

అంతే. ముగ్గురు శ్రోతలూ ముగ్గురు శిలలయ్యారు. అవతల వాళ్లకు నేనూ అలాగే కనపడ్డానట! చెయ్యి పైకెత్తి, నోరు సగం తెరిచి, కనురెప్పలు సగం వాల్చి, లేపాక్షి స్తంభం మీద చెక్కిన నట్టువాంగం మేస్త్రిలాగా. నిమిషం గడిచాక ప్రాణం లేచొచ్చింది. “మాస్టారూ, బిగుసుకుపోయారు” అన్నారు. మళ్లీ అందుకున్నాను. పావుగంటసేపు జలక్రీడ మీద ప్రశ్నలకు జవాబులు చెప్పి, “ఇక తొమ్మిదవది...” అన్నాను. మళ్లీ లేపాక్షి.

నిర్వాహకులు మర్యాదస్తులు. “మీరు కాస్త సర్దుకోండి మాస్టారూ, ఈలోగా కవిసమ్మేళనం కానిస్తాం” అన్నారు. తెలుగుదేశంలో కవిసమ్మేళనం మొదలైందంటే గంటన్నర వ్యవధి దొరికినట్టే. ఉత్తరకుమారుడు అంతఃపురంలో పలికిన స్థాయిలో “ఐదు నిమిషాల్లో తేలుస్తా” అని ప్రకటించి యుద్ధానికి లేచాను.

ప్రథమాస్త్రం విమానాస్త్రం. విమానం బొమ్మ ఉన్న మీట నొక్కితే వైఫై నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే మేలుకుంటుంది. మేలుకుంది. తెరమూల మూడు వంకల నెలవంక వెలిగింది. వెలిగిందే కాని వెన్నెల లేదు. “కనెక్టెడ్” అంటుంది, ఒక్క పేజీ తెరవదు. విప్రలంభశృంగారం అంటే ఇదే. గడపలోనే నిలబడి ఉంటుంది, పలకదు.

ద్వితీయాస్త్రం విస్మరణాస్త్రం. ఈ నెట్‌వర్కును మరచిపొమ్మని యంత్రాన్ని ఆజ్ఞాపించాను. మరచిపోవడంలో అది నాకన్న ఘనం, తక్షణం మరచిపోయింది. మళ్లీ పరిచయం చెయ్యాలంటే పాస్‌వర్డు కావాలి. అది రౌటరు అడుగున చీటీ మీద, చీమతల అక్షరాల్లో ఉంది. మా ఆవిడ స్టూలెక్కి, కళ్లజోడు మీద భూతద్దం పెట్టి, వంటింట్లోంచి ఎలుగెత్తి చదువుతుంటే నేను పడగ్గదిలో మీటలు నొక్కుతున్నాను. “ఏవండీ, సున్నానో ఓనో తెలియట్లేదు!” “పొట్ట సన్నగా ఉందా, గుండ్రంగా ఉందా?” “నా కళ్లకి అన్నీ గుండ్రంగానే ఉన్నాయి!” యక్షుడు ధర్మరాజును ఇంత కఠినమైన ప్రశ్న అడిగి ఉండడు. నాలుగో దండయాత్రలో కోట తలుపు తెరుచుకుంది. సున్నాయే.

ఈ కోలాహలానికి మా పుత్రరత్నం గదిలోంచి వెలువడ్డాడు. కుమారోదయం. తల చెదిరి, ఫోను మీద చూపు చెదరక, “నాకు వస్తోందిగా నాన్నా” అన్నాడు. కురుక్షేత్రంలో ఇంతకన్న కర్కశమైన బాణం ఎవరికీ తగల్లేదు. అదే ఇల్లు, అదే రౌటరు. వాడికి క్రికెట్టు నదిలా పారుతోంది, నాకు చుక్క లేదు! వాడి ఫోన్లో మా ఇంటి పేరు రెండుసార్లు కనిపిస్తుంది, రెండోదానికి చివర 5జీ అని తోక. నా గుర్రానికి ఒక్కటే కనిపిస్తుంది. ఆ సంగతి చూశాను, దాటిపోయాను. వీరులకు వివరాలు ఆనవు.

ఫోన్లో మాట్లాడెయ్యమన్నాడు వాడు. నా నోట్సంతా ల్యాప్‌టాప్‌లో ఉంది. పైగా అష్టాదశ వర్ణనలను అరచేతిలో కుదించడమా?

ఇక్కడ సముద్రవర్ణన ఒకటి చెయ్యక తప్పదు. దానికోసం బందరు దాకా పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉంది. కంటికి ఆనని మహార్ణవం. రౌటరు కొమ్ముల్లో పుట్టి, గోడలు ఈది, దండెం మీది చీరల్లోంచి దూరి, గృహమంతటా నిశ్శబ్దంగా ఎగసే తరంగమాలిక. ఒక్కో అల పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు అరజానెడు. అలాంటివి సెకనుకు 240 కోట్ల పైచిలుకు. దాన్నే 2.4 గిగాహెర్ట్జ్ అంటారు. మావాడి ఫోను ఈదేది దీని పక్కనే ఉన్న మరో సముద్రంలో. అది 5 గిగాహెర్ట్జ్‌ది, అలలు ఇందులో సగం కూడా ఉండవు. నా వృద్ధాశ్వం పుట్టినప్పుడు దానికి నేర్పినది పాత సముద్రం ఒక్కటే. ఇక శైలమంటారా, ఆ బీరువా ఉంది. పట్టుచీరలనూ ఇంటి దస్తావేజులనూ ఎంత భద్రంగా కాస్తుందో, అలలను అంత నిర్దయగా అడ్డగిస్తుంది.

కనుక దండయాత్ర. ల్యాప్‌టాప్‌ను రెండు చేతుల మీద పల్లకిలా ఎత్తుకుని నేను, ఛార్జరు వైరును పెళ్లికూతురి కొంగులా పట్టుకుని వెనక మా ఆవిడ, ఆ వెనక శబ్దరత్నాకరం మోస్తూ పుత్రుడు. ఈ క్రమంలో మా ఊరేగింపు పడగ్గది వెడలి, హాలు దాటి, భోజనాల బల్ల చేరింది. ఇప్పుడు వంటిల్లు ఎదురుగానే. రౌటరు నొసటి బొట్టు కూడా కనిపిస్తోంది. నెలవంక నిండుగా వెలిగింది. జయజయధ్వానాలు చేయబోతుండగా మళ్లీ ఆగిపోయింది.

అప్పుడు దూతను పంపాను. సీత జాడకు హనుమ, దమయంతికి హంస, యక్షుడికి మేఘం, నాకు పింగ్. నల్లకిటికీ తెరిచి రౌటరు చిరునామా 192.168.1.1 రాసి, ఆగకుండా పోయి రమ్మన్నాను. 32 బైట్ల మూట భుజాన వేసుకుని ఒకడి వెనక ఒకడు వార్తాహరులు బయల్దేరారు. పోయినవాడు పోయినట్టే. “రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్.” మరొకడు, అదే గతి. మరొకడు. ఒకడెవడో 900 మిల్లీసెకన్ల తర్వాత దుమ్ము కొట్టుకుని రొప్పుతూ వచ్చి వాలాడు. అతని వెనక మళ్లీ శూన్యం. పద్మవ్యూహంలోకి వరసగా అభిమన్యుల్ని పంపుతున్నట్టుంది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఏదో తుమ్మెద ఝుంకారంలాంటి హోరు, మంద్రంగా, ఎడతెగకుండా...

ట్ఁయ్. ట్ఁయ్. ట్ఁయ్.

హోరు ఆగింది. ఆ క్షణమే, ఆ రెప్పపాటులోనే, నల్లకిటికీలో మూడు మిల్లీసెకన్లు, మూడు మిల్లీసెకన్లు, నాలుగు, మూడు అంటూ దూతలు గుంపులు గుంపులుగా తిరిగొచ్చారు, పెళ్లి భోజనానికి పిలిచినట్టు!

తలెత్తాను. ఓవెను తలుపు తెరిచి, లోపలినుంచి పొగలు చిమ్ముతున్న పింగాణీ కప్పును పైటచెంగుతో పట్టి తీస్తోంది మా అమ్మ. ఎనభై నాలుగేళ్ల వయసు, నుదుట విభూతి, చంకలో విష్ణుసహస్రనామం.

“అమ్మా, అదేమిటి?”

“కాఫీ రా. చల్లారిపోతే వేడిచేసుకున్నాను. చల్లటి కాఫీ తాగడానికి నేనేమైనా దొరసాన్నా?”

“ఇది ఎన్నోసారి?”

“ఎవరు లెక్కపెట్టారు? కలుపుకుంటాను, వరండాలో కూర్చుంటాను, సహస్రనామాల్లో పడి మరిచిపోతాను, చల్లారుతుంది. మళ్లీ పెడతాను. ఆ గంట కొట్టే పెట్టె ఉంది కదా.”

పావుగంట! నా శిలాప్రతిమలన్నీ పావుగంటకొకటి. తాపం చల్లారే కాలాన్ని ప్రకృతి నిర్ణయించింది, నా సభాభంగకాలాన్ని అమ్మ కాఫీ నిర్ణయించింది. ఓవెను లోపల గర్జించే రాక్షసుడి స్వరం 2450 మెగాహెర్ట్జ్. నా పాత సముద్రం 2400 నుంచి 2483.5 దాకా, అంటే వాడు దాని నడిబొడ్డున కూర్చుని అరుస్తాడన్నమాట. లోపల ఎనిమిది వందల వాట్లు. తలుపుకు జల్లెడ కవచం ఉంది, మనుషులకు భయమేమీ లేదు. కాని ఆ కవచం సందుల్లోంచి జారే పిసరంత చాలు, వాటులో పదోవంతు గొంతుతో పలికే పక్కనున్న రౌటరు మాట మునిగిపోవడానికి. తిరునాళ్లలో మైకు పక్కన నిలబడి చెవిలో రహస్యం చెప్పినట్టు. మావాడి ఫోనుది వేరే సముద్రం కనుక వాడికి తిరునాళ్లే తెలియదు.

ఉద్యానాన్నీ చంద్రోదయాన్నీ ఈ కావ్యంలో వదిలేశాను. జలక్రీడ కూడా చేసేవాణ్నే, ఆ రోజు కుళాయి రాలేదు. కాని తొమ్మిదవ వర్ణన ఏమిటో సభకు రెండుసార్లు చెప్పబోయి చెప్పలేకపోయిన నాకు, వంటింటి గడపలో ఆ పొగలుగక్కే కప్పు చూశాక నవ్వాగలేదు. అది మధుపానం.

ఇక మంత్రాలోచన. రౌటరును హాల్లోకి మార్చాలంటే ఫైబర్ కుర్రాడు రావాలి. ఫోన్ చేస్తే “వస్తా సార్” అన్నాడు. ఆ మాటకు కాలం, వచనం, విభక్తి ఏవీ ఉండవని తెలుసు. రౌటరు సెట్టింగుల్లో దూరి ఛానల్ ఒకటికి మార్చాడు మావాడు. రాక్షసుడి నోటినుంచి అది కాస్త దూరం. మార్చాక పింగ్ పెట్టి, అమ్మ చేత గ్లాసు నీళ్లు, అదీ గాజు గ్లాసులో, వేడిచేయించి చూశాం. పదిమంది దూతల్లో ఏడుగురు తిరిగొచ్చారు. మిగిలిన ముగ్గురి కోసం సంధి తప్పలేదు. సభ ముగిసేదాకా అమ్మ మీట నొక్కకూడదు.

“నాకు ఒక్క నిమిషం, నీకు గంట. ఎవరిదిరా ఎక్కువ?” అంది. రాయబారానికి వెళ్లిన శ్రీకృష్ణుడికి కూడా జవాబు దొరకదు. చివరికి ఆ వేడి కాఫీతో నా పక్కనే కూర్చోవడానికి ఒప్పుకుంది.

కవిసమ్మేళనంలో పదకొండో కవి ముగిశాడు. నేను కండువా సవరించుకుని తెరమీద ప్రత్యక్షమయ్యాను. పక్కన అమ్మను చూసి అంతదాకా ముఖం చూపించనివాళ్లు కూడా కెమెరాలు పెట్టి నమస్కారాలు చేశారు. అమ్మ కప్పు ఎత్తి వాళ్లకేసి చూపించింది. “ఇక తొమ్మిదవది, మధుపానం” అన్నాను. ఎవరూ శిల కాలేదు. ఆ ఒక్కదాని మీద పది నిమిషాలు మాట్లాడాను.

అమ్మ కప్పులోకి చూసుకుంది. మైకులో వినపడేట్టు అడిగింది.

“ఇంకా ఎన్ని ఉన్నాయిరా?”

“తొమ్మిదమ్మా.”

మెల్లగా కుర్చీ జరిపి లేచింది.